ముడి ఎవరిది

బైపాస్ రోడ్డు పక్కన గడ్డిలో ఒక గుర్రం మేస్తూ ఉండేది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడగుర్రం. భూమిలో దిగేసిన ఇనుప మేకు, దానికో పొడుగాటి తాడు, ఆ తాడు చివర గుర్రం. తాడు సాగినంత మేర గడ్డి గుండ్రంగా, గుండు గీసినట్టుండేది. ఆ గుండ్రం రోజురోజుకూ రోడ్డు వైపు జరుగుతూ ఉండటమే ఇన్‌స్పెక్టరమ్మకు వచ్చిన చిక్కు.

ఆవిడది నగరపాలక సంస్థలో పశువుల విభాగం. రోడ్ల మీదికొచ్చిన ఆవుల్నీ గాడిదల్నీ గుర్రాల్నీ పట్టి బందెలదొడ్డికి చేర్చడం పని. పదహారేళ్ళ సర్వీసు. నోరు పెద్దది, మనసు మెత్తన అని వ్యాను డ్రైవరు అందరికీ చెప్పేవాడు. మొదటి మాటకు ఆవిడ ఒప్పుకునేది కాదు. రెండోదానికి అసలే ఒప్పుకునేది కాదు.

నిజానికి ఆ గుర్రాన్ని మొదటిరోజే దొడ్డికి తోలేయాల్సింది. తోల్లేదు. దాని డొక్కలు ఎండలేదు, గిట్టలు చక్కగా కత్తిరించి ఉన్నాయి, పక్కన బకెట్లో నీళ్ళున్నాయి. ఎవరో దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. అందుకని పొద్దున్నే వ్యాను ఆపి, మేకు పీకి, నాలుగు బారలు వెనక్కి పాతి వెళ్ళేది. మర్నాటికి మేకు మళ్ళీ ముందుకొచ్చేది. వెనక గడ్డి అయిపోయింది మరి, గుర్రమేం గాలి మేస్తుందా? ఇలా రెండు నెలలపాటు ఆవిడా, ఆ గుర్రం యజమానీ ఒకరి మొహం ఒకరు చూడకుండానే మేకుతో పోట్లాడుకున్నారు.

ఆ మంగళవారం మాత్రం గుర్రం తల తెల్లగీత దాటి రోడ్డు మీదికొచ్చింది. దాని మూతికి జానెడు దూరంలో లారీ ఒకటి దూసుకుపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ వ్యానులోంచి దూకి పరుగెత్తింది. మేకు పీకబోతే రాలేదు. యజమాని ఎవరి మీది కోపంతో దిగగొట్టాడోగాని, ఇంచు కదల్లేదు. బహుశా ఆవిడ మీది కోపమే. దాంతో తాడు విప్పి, సగానికి పొట్టి చేసి, మేకుకు మళ్ళీ తనే కట్టింది.

"కట్టడం వచ్చా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"మా ఇంట్లో బట్టలారేసే తాడు ఎవరు కట్టారనుకున్నావు బాబాయ్? ఆరేళ్ళైంది. ఒక్కసారి జారలేదు."

దుప్పట్లు వేలాడే తాడు వేరు, గుర్రం లాగే తాడు వేరు. ఈ సంగతి ఆవిడకు గంటన్నర తర్వాత తెలిసింది.

ఫోనొచ్చి పరుగున వెళ్ళేసరికి గుర్రం నడిరోడ్డు మీదుంది. తాడు వెనకాల ఈడ్చుకుపోతోంది. కార్లవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. మోటారు సైకిలు మీది మనిషొకడు తప్పించబోయి పడ్డాడు, మోచెయ్యి గీరుకుపోయింది. "హారన్ కొట్టినవాడి తాళం లాక్కుంటా!" అని ఆవిడ వేసిన కేకకు ఆ పక్కా ఈ పక్కా హారన్లు సద్దుమణిగాయి. డ్రైవరు వ్యానును రోడ్డుకు అడ్డంగా పెట్టి లైట్లు వెలిగించాడు. ఎదుటివైపు ఒక బస్సును అలాగే అడ్డం పెట్టించింది. ఇక పరుగులు లేవు. గుర్రం వెనక పరిగెత్తామంటే దాన్ని మనమే తరిమినట్టు. తవుడు బకెట్ పట్టుకుని, కళ్ళలోకి చూడకుండా, భుజం వైపు నుంచి చిన్న చిన్న అడుగులు వేస్తూ, "ఏమే తల్లీ, ఎక్కడికే ప్రయాణం?" అని ఏదో ఒకటి మాట్లాడుతూ దగ్గరికెళ్ళింది. తవుడులో మూతి దూరగానే తాడు పట్టుకుంది. చేతికి చుట్టుకోకుండా పట్టుకుంది. ఆ మాత్రం తెలుసు.

దొడ్డిలో దాని మోకాలి గాయం కడిగాక తాడు చూసింది. ఎక్కడా తెగలేదు, కొరకలేదు. సగం దగ్గర మాత్రం ముడి నలిపిన గుర్తుంది. తన ముడే జారింది.

మధ్యాహ్నానికి యజమాని వచ్చాడు. ఒకప్పుడు గుర్రబ్బండి తోలిన ముసలాయన. వెంట కూతురు. ఆయన తాడు చివర వేళ్ళతో తడిమి చూశాడు. ఆ వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"తెగలేదు. అంటే నా ముడే జారింది" అన్నాడు.

"ఏడాది నుంచీ చెప్తున్నా మేడమ్" అంది కూతురు. "చొక్కా గుండీ పెట్టుకోవడానికే అవస్థ. గుర్రాన్నేం కడతావు నాన్నా అంటే వినడు. ఇవాళ ఎవరైనా చచ్చిపోయుంటే?"

ఆమెను తప్పుపట్టడానికి లేదు. ముసలాయన కూడా తప్పుపట్టలేదు. "నిజమేనమ్మా. ఇవాళ జారిన ముడి రేపూ జారుతుంది. ఈ గుర్రాన్ని, నా చుక్కమ్మను, తీసుకుపోండి. ఎక్కడ సంతకం పెట్టమంటారు?"

నోరు పెద్దదని పేరున్న మనిషికి ఆ పూట నోరు పెగల్లేదు. ముడి నాది అంటే విచారణ, మెమో. ఒకడు పడ్డాడు కూడా. గుర్రాన్ని వదులుకుంటున్నట్టు రాసుకునే కాగితం ఆవిడ ముందుకు జరిపింది. ఆయన వణికే చేత్తో సంతకం పెట్టి, గుర్రం వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

"మనకెందుకమ్మా" అన్నాడు డ్రైవరు. కట్టడం చూసింది అతనొక్కడే. "ఆయనే రాసిచ్చాడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? శుక్రవారం పశువుల శరణాలయం లారీ వస్తుంది, ఎక్కించేద్దాం. అక్కడ బోలెడు గడ్డి."

అతని మాటలో తప్పేం లేదు. అయినా ఆవిడకు రెండు రోజులు అన్నం సయించలేదు. చుక్కమ్మ తవుడు ముట్టలేదు, గేటు వైపే మొహం పెట్టి నిలబడింది. శుక్రవారం పొద్దున, మోకాలి గాయానికి ఏ మందు పడదో అడిగొస్తానని డ్రైవరుకు చెప్పి ముసలాయన ఇంటికెళ్ళింది. తను ఎందుకు వెళ్తోందో తనకే సరిగా తెలియదు.

ఒక గదీ, ముందు చిన్న వసారా. కూతురు తండ్రికి గ్లాసుతో టీ తాగిస్తోంది. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"చేతికిస్తే తీసుకోవడం లేదు" అంది కూతురు చిన్న గొంతుతో. "గ్లాసు కూడా జారిపోతుందని భయం. గొళ్ళెం వేయడు, బూటు తాడు కట్టుకోడు. నేను గుర్రం వద్దన్నానుగాని ఇది కోరలేదు మేడమ్. ఆ రోజు నుంచీ ఒక్క మాట లేదు." ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికెళ్ళింది.

ఇన్‌స్పెక్టరమ్మ ఆ తొడల కింద దాగిన చేతుల్ని చూసింది. గుర్రం పోతే పోయిందనుకోవచ్చు. ఈయన చేతుల్ని తనే విరిచేసిందే! వెనక్కి తిరిగి ఆఫీసుకెళ్ళింది. జరిగిందంతా జరిగినట్టు రిపోర్టు రాసి, కింద తన పేరు పెట్టి, పెద్దసారు బల్ల మీద ఉంచింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "కుక్క పని గాడిద చేస్తే ఇంతే" అన్నాడు. మెమో సాయంత్రానికి వస్తుందన్నాడు. చుక్కమ్మను లారీ ఎక్కించొద్దని డ్రైవరుకు ఫోను చేసి, ముసలాయన కాగితం ఫైల్లోంచి తీసుకుని ఆవిడ మళ్ళీ అదే వసారాలోకొచ్చి, ఆయన ముందు నేల మీద కూర్చుంది.

"తాతగారూ, మీ ముడి జారలేదు. మీ ముడి నేను విప్పేశాను. తాడు పొట్టిచేసి నా ముడి వేశాను. జారింది నాది."

ఆయన తలెత్తి ఆవిడ వైపు చూశాడు.

"నువ్వు విప్పావా?"

"అవును."

"జారకుండా ఉన్నదాన్ని విప్పావా?"

"గట్టిగానే ఉంది. విప్పడానికి గోళ్ళు నొప్పెట్టాయి."

తొడల కింది నుంచి చేతులు బయటికొచ్చాయి. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వణుకు అలాగే ఉంది. లేచి నిలబడ్డాడు.

"ఏం ముడి వేశావు?"

"బట్టలారేసే తాడుకు వేసే..."

"బట్టలారేసే ముడా! నా చుక్కమ్మకా! అదేమన్నా తడి దుప్పటా? బుద్ధుందా నీకు? గవర్నమెంటు ఉద్యోగం ఎవడిచ్చాడు? రెండు నెలలు నా మేకు పీకి చంపుకుతిన్నది నువ్వేనా?"

"రోడ్డు పక్కన కట్టడం మాత్రం మీ తప్పే తాతగారూ."

"అది నా తప్పే! అది వేరు! ఇంకెప్పుడూ అక్కడ కట్టను, ఒట్టు! కానీ ముడి మాట మాట్లాడు! నలభై ఏళ్ళు బండి తోలాను, ఒక్క ముడి, ఒక్కటంటే ఒక్కటి, జారిందా అని అడుగు ఈ ఊరంతా! ఇటివ్వు ఆ కాగితం!" లాక్కుని, నాలుగు ముక్కలు చేశాడు. ఆ చింపడంలో చేతులు ఎంత వణికినా ఆయన పట్టించుకోలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకున్నాడు. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. కూతురు పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

ఆయన ఆయాసం చూసి ఇన్‌స్పెక్టరమ్మ కంగారుగా లేవబోయింది. "కాస్త కూర్చోండి తాతగారూ, తర్వాత తిడుదురుగాని..."

కూతురు వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యివేసి మళ్ళీ కూర్చోబెట్టింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

"ఆపకండి మేడమ్. తిట్టనివ్వండి. మూడు రోజులైంది మా నాన్న గొంతు విని."