నలభై ఎనిమిది సీసాలు

ఇంట్లో సొంతంగా బీరు చేసుకున్నా ఈ దేశంలో పోలీసులు రారని కూతురు చెబితే తిరుపతయ్య చాలా రోజులు నమ్మలేదు. చాండ్లర్‌లో ఆ కూతురు కావ్యశ్రీ ఇంటికి నాలుగిళ్ల అవతల రామమోహన్ ఉంటాడు. చిప్పుల ఫ్యాక్టరీలో ఆమెతోపాటు పనిచేసే ఇంజనీరు. శనివారం పొద్దున గ్యారేజీ తలుపు పైకెత్తి, వీధిన పోయేవాళ్లందరూ చూస్తుండగానే పెద్ద ప్లాస్టిక్ బకెట్లలో బీరు పులియబెడతాడు.

తిరుపతయ్య నల్గొండ జిల్లాలో ఇరవై ఏళ్లు తాళ్లెక్కి కల్లు గీసినవాడు. ఒకరోజు నడకకు పోతూ ఆ గ్యారేజీ ముందు ఆగి, బకెట్ దగ్గర ముక్కు పెట్టి, పొంగు ఇంకా చావలేదని, రెండు దినాలు ఆగాలని చెప్పాడు. రామమోహన్ తన గాజు గొట్టంతో కొలిచి చూసుకుంటే ఆ మాటే నిజమైంది. అప్పటినుంచి బాబాయ్ గారూ అని పిలిచి ప్రతి శనివారం పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఈ దేశం వచ్చిన నాలుగు నెలల్లో తనకు తెలిసిన సంగతి గురించి తనను ఒకరు అడగడం తిరుపతయ్యకు అదే మొదటిసారి.

జూన్ మొదట్లో రామమోహన్ తండ్రి వచ్చాడు. గ్యారేజీలో మడతకుర్చీ వేసుకుని, కొడుకు చేసిన బీరు గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్న ఆ పెద్దాయన్ని రామమోహన్ గర్వంగా పరిచయం చేశాడు. మల్లికార్జునరావు గారు, ఎక్సైజ్ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు, ఒకప్పుడు మీ నల్గొండలో కూడా ఎస్సైగా ఉన్నారు అని చెప్పాడు. పెద్దాయన తల ఎత్తకుండానే ఏ ఊరని అడిగాడు. తిరుపతయ్య నోటికొచ్చిన వేరే ఊరి పేరు చెప్పాడు. పేరు విన్నప్పుడు అనుమానమే కలిగింది, ఆ గొంతు వినగానే రూఢి అయింది.

ముప్పై ఆరేళ్ల కిందట ఆ గొంతు అతని వాకిట్లో నిలబడి కేకలు వేసింది. ఎస్సై ఇంట్లో విందుకు ఊరికే రెండు బిందెల కల్లు పంపలేదని ఆయనకు కోపం. మూడోనాడు జీపు వచ్చింది. కల్లులో మత్తుమందు కలిపారన్నాడు. ఇద్దరు జవాన్లు తిరుపతయ్య రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఏడో నెల కడుపుతో ఉన్న అతని భార్య లక్ష్మి చేత ఒక్కొక్క కుండా మోయించి, ఊరందరి ముందు మోరీలో పారబోయించాడు. నాలుగో కుండకు ఆమె కూలబడితే లేపి మళ్లీ మోయించాడు. తర్వాత లైసెన్సు పోయింది. తిరుపతయ్య హైదరాబాద్ వచ్చి వాచ్‌మన్ పనిలో చేరాడు. తాళ్లు మళ్లీ ఎక్కలేదు. ఆ కడుపులో ఉన్న పిల్లే కావ్యశ్రీ.

ఆ ఎస్సై ఇక్కడికొచ్చాడన్న సంగతి అతను కూతురికి చెప్పలేదు. లక్ష్మికీ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులతో ఆమె కూతురి ఇంటి గడప దాటేది కాదు. నాలుగిళ్ల అవతల ఎవరున్నారో ఆమెకు తెలియదు, తెలియనివ్వకూడదనుకున్నాడు. తను మాత్రం శనివారాలు పోవడం మానలేదు. మల్లికార్జునరావు అతన్ని గుర్తుపట్టలేదు. గ్లాసు ఖాళీ అయితే వెనక్కి తిరగకుండానే చేయి చాపేవాడు, తిరుపతయ్య అందుకుని నింపి ఇచ్చేవాడు. ఇంటికొచ్చి పడుకుంటే ఆ చాపిన చేయే కళ్లముందు ఉండేది.

సీసాల్లో నింపే రోజు వచ్చింది. పొంగు పూర్తిగా చచ్చిన బీరులో కొలిచిన చక్కెర కాస్త కలిపి సీసాల్లో పోసి మూత బిగిస్తారు. అడుగున మిగిలిన ఈస్టు ఆ చక్కెర తిని గ్యాసు పుట్టిస్తుంది, ఆ గ్యాసు బీరులో కరిగి నురగ అవుతుంది. చక్కెర తక్కువైతే బీరు చప్పగా ఉంటుంది, ఎక్కువైతే సీసా పగులుతుంది. రామమోహన్ త్రాసు మీద నూట పదిహేను గ్రాములు తూచి, నీళ్లలో వేసి మరిగించమని తిరుపతయ్యకిచ్చి, ఆఫీసు కాల్ వస్తే లోపలికి వెళ్లాడు.

వంటింట్లో తిరుపతయ్య ఒక్కడే ఉన్నాడు. గిన్నెలో చక్కెర కరుగుతోంది. అల్మారాలో చక్కెర డబ్బా కనబడింది. చేయి వణకలేదు. ఒక కప్పు పోశాడు, కలిపాడు, ఇంకొక కప్పు పోశాడు. బిరడా గట్టిగా బిగించిన కల్లు సీసా ఎంత దూరం ఎగురుతుందో అతనికి తెలుసు. అందుకే సీసాలు నింపి మూతలు బిగించాక, అట్టపెట్టెల్లో వద్దని, గ్యారేజీలో మూతలున్న మందపాటి ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టించాడు. ఇంట్లో రామమోహన్ భార్య రాగిణి ఉంది, నాలుగేళ్ల పాప వేద ఉంది. వాళ్లమీద అతనికి ఏ కోపమూ లేదు. మొత్తం నలభై ఎనిమిది సీసాలు.

ఎనిమిదో రోజు పొద్దున, రామమోహన్ పనిమీద పోర్ట్‌లాండ్ వెళ్లి ఉండగా, మొదటి సీసా పేలింది. కాసేపటికి ఇంకో రెండు. రాగిణి భయపడి కావ్యశ్రీకి ఫోన్ చేసింది, కావ్యశ్రీ ఆఫీసు నుంచి తండ్రికి చేసింది. తిరుపతయ్య చెప్పులేసుకుని నెమ్మదిగా నడిచి వెళ్లాడు.

పాపను తీసుకుని పైగదిలో ఉండమని రాగిణికి చెప్పాడు. మిగిలిన సీసాల మూతలు తీసి పారబోయక తప్పదని, తనకు చేతులు వణుకుతాయని, పెద్దాయన చేస్తే దగ్గరుండి చెబుతానని అన్నాడు. రామమోహన్ పనిలో వాడే కళ్లద్దాలు, తోలు గ్లవ్స్ తనే తెచ్చి మల్లికార్జునరావుకు తొడిగాడు. గుడ్డ కప్పి మూత కొంచెం కొంచెంగా ఎలా వదులు చేయాలో చూపించాడు. పెరట్లో కంకరరాళ్ల మీద పోయమన్నాడు.

తొమ్మిది గంటలకే ఎండ మండుతోంది. మల్లికార్జునరావు గ్యారేజీలోంచి ఒక్కొక్క సీసా రెండు చేతులా పట్టుకొచ్చి, కూర్చుని, మూత తీసేవాడు. నురగ ముఖాన చిమ్మేది. చొక్కా తడిసింది. పదిహేనో సీసాకు నీడలో కూర్చుంటానన్నాడు.

"ఇంకా ఉన్నయి" అన్నాడు తిరుపతయ్య.

ఇరవై దాటాక ఆయన మోకాళ్ల మీద వంగి రొప్పడం మొదలుపెట్టాడు. తిరుపతయ్య నీళ్లిచ్చాడు, తాగనిచ్చాడు, మళ్లీ లేపాడు. చివరి సీసా ఒంపేసరికి కంకరంతా తడిసి, కల్లు పాక ముందు లేచే వాసనలాంటిదే లేచింది. మల్లికార్జునరావు ఆ తడి రాళ్ల మీదే కూలబడ్డాడు.

తిరుపతయ్య ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"చక్కెర నేనే ఎక్కువ కలిపిన. కావాల్ననే కలిపిన. మీరు ఎస్సైగ ఉన్నప్పుడు నా పెండ్లాంతోటి ఇట్లనే పారబోయించిన్రు. ఏడు నెలల కడుపు. పేరు లక్ష్మి. యాదికొచ్చిందా?"

మల్లికార్జునరావు కళ్లద్దాలు తీసి అతని ముఖం చాలాసేపు చూశాడు. ఆ చూపులో దాపరికం లేదు.

"గుర్తులేదయ్యా" అన్నాడు. "అలాంటివి వందలు చేశాం. డ్యూటీ అది. ఏ లక్ష్మో నాకేం తెలుస్తుంది?"

తిరుపతయ్య లేచి నిలబడ్డాడు. అబద్ధమాడి ఉంటే గొంతు పట్టుకునేవాడేమో. ఆయనకు నిజంగానే గుర్తులేదు. వారం రోజులుగా కడుపులో దాచుకున్న సంతోషం ఆ ఒక్క మాటతో చప్పబడిపోయింది. ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలియలేదు.

చొక్కాకు బీరు వాసన వస్తోందని లక్ష్మి అడిగింది. ఇక దాచలేక మొదటినుంచీ చెప్పాడు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ వింది. ఎవరో తెలిసినచోట చేయి ఆగింది. ఆయన ఒక్కొక్క సీసా మోసి పారబోసిన సంగతి చెబుతున్నప్పుడు ఆమె ముఖం వెలుగుతుందనుకున్నాడు. వెలగలేదు.

"నన్నెందుకు పిలువలే?" అంది.

తుంచుతున్న కాయలు పక్కకు నెట్టింది.

"పారబోసింది నేను. నువ్వు కాదు. నిన్ను పట్టుకుంటే నువ్వు చూసినవ్, అంతే. నాలుగు ఇండ్ల అవతల ఉన్నడని నెల రోజులు నాకు చెప్పకపోతివి."

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన కావ్యశ్రీ రాగిణి చెప్పింది విని మొదట తండ్రి మీద మండిపడింది. రామమోహన్ తిరిగొచ్చాక ఆఫీస్‌లో అతని ముఖం ఎలా చూడాలి అంది. కుండల సంగతి విన్నాక, ఆ కడుపులో ఉన్నది తనేనని తెలిశాక, బ్యాగ్ కూడా దించకుండా తల్లి పక్కన కూర్చుండిపోయింది.

పొద్దున లక్ష్మి కూతురి బూట్లు వేసుకుంది. గోడలు పట్టుకుంటూ, ఆగుతూ ఆగుతూ ఆ నాలుగిళ్లూ నడిచింది. తిరుపతయ్య వెంట వస్తే బయటే ఉండమంది. రాగిణి తలుపు తీసి, ఏమనాలో తెలియక పక్కకు జరిగింది. పావుగంట తర్వాత లక్ష్మి బయటికి వచ్చింది.

ఏమన్నావని అతను అడిగాడు.

"ఎదురుంగ కూసున్న. నా పేరు చెప్పిన, ఊరు చెప్పిన, ఎన్ని కుండలో చెప్పిన. మళ్ల ఆయన్నే చెప్పమన్న. చెప్పేదాక లేవలే. రేపు గుడ పోత. మళ్ల మరిచిపోతడు."

అన్నట్టే మర్నాడూ వెళ్లింది, ఆ మర్నాడూ వెళ్లింది. కూర్చుని అడుగుతుంది, ఆయన చేత చెప్పిస్తుంది, లేచి వస్తుంది. పోర్ట్‌లాండ్ నుంచి తిరిగొచ్చిన రామమోహన్ ఆమెకు తానే తలుపు తీశాడు. తండ్రి గది చూపించి, లోపలికి రాకుండా వరండాలో నిలబడ్డాడు. తిరుపతయ్యను మాత్రం మళ్లీ బాబాయ్ గారూ అని పిలవలేదు. ఎదురైతే తల దించుకుని వెళ్లిపోయేవాడు. ఆ ఒక్కటీ తిరుపతయ్యకు బాధగా ఉండేది.

లక్ష్మి వెళ్లడం మొదలైన పన్నెండో రోజున మల్లికార్జునరావు టికెట్ ముందుకు జరుపుకుని ఇండియాకు వెళ్లిపోయాడు. ఆ సంగతి చెబితే లక్ష్మి, ఏ ఊళ్లో ఉంటాడో అడ్రస్ కనుక్కొమ్మంది.