నాన్న పూడ్చిన గుంతలు

మా వీధిలో ఇరవై మూడు గుంతలున్నాయి. ఈ లెక్క అక్కది. చిన్నప్పుడే రెండు కాళ్ళూ చచ్చుబడిన మా అక్క, చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి మీద రోజూ పొద్దున్నే ఇంటి నుంచి వీధి చివరున్న తన జిరాక్స్ షాపుకి వెళ్తుంది. ఏ గుంతని ఎటు నుంచి తప్పించాలో, ఏది తప్పించే వీలే లేదో ఆమెకి కంఠతా వచ్చు. పోయిన వానాకాలం నీళ్ళు నిండి కనబడక తొమ్మిదో గుంతలో బండి తిరగబడింది. కుడి మణికట్టు విరిగింది. రెండు నెలలు షాపు మూతపడింది. బండి తిప్పాల్సిందీ ఆ చేత్తోనే, మిషన్లో కాగితం పెట్టాల్సిందీ ఆ చేత్తోనే. ఇంకోసారి పడితే ఆ చెయ్యి మీద ఆశ వదులుకోమని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

మళ్ళీ వానాకాలం వచ్చేలోగా మా వీధికి తారు పడాలని నేను పట్టుబట్టి కూర్చున్నాను. అర్జీ నేనే రాశాను. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాను. అక్క దాన్ని పది కాపీలు తీసిచ్చింది. ఆ పదీ పట్టుకుని మున్సిపల్ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. చివరికి ఫలానా రోజు రోడ్డు కొలవడానికి మనిషి వస్తాడని కబురొచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం.

ఇక్కడ నాన్న గురించి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు రోడ్డు రోలరు నడిపి రిటైరయ్యాడు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ రోలరు పెద్దాయనే. పై అధికారి చూడ్డానికి వస్తున్నాడంటే ముందురోజే రోడ్డంతా ఊడ్చి, గుంతలు పూడ్చి, అంచులు సర్ది ఉంచడం వాళ్ళ గ్యాంగు పద్ధతట. ఉద్యోగం పోయినా పద్ధతి పోలేదు. కొలిచే మనిషి రేపొస్తాడనగా నాన్న పక్కింటి తాపీమేస్త్రీని కేకేశాడు. ఇద్దరూ ఇటుక ముక్కలూ కంకరా మట్టీ తెచ్చి ఇరవై మూడు గుంతలూ నింపి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో దంచి చదును చేశారు.

"ఇదేంటి నాన్నా?" అన్నాను పని నుంచి వచ్చి చూసి.

"మన వీధి చూడ్డానికి వస్తున్నాడు కదమ్మా. చండాలంగా ఉంటే ఏం బావుంటుంది?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

నాకు తట్టలేదు. అర్జీ రాసిన బుర్ర, ఆఫీసర్లతో పోట్లాడిన బుర్ర, ఆ ఒక్క పూట ఎటు పోయిందో తెలీదు. పైగా ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చాను. అక్క ఆ సాయంత్రం ఊరికే వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది, ఒక్క కుదుపు కూడా లేదని మురిసిపోయింది. ఆ గాడిద పనిలో నాకూ భాగముందని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

మర్నాడు కొలిచే మనిషి వచ్చాడు. చేతిలో స్టీలు స్కేలు, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం. వీధి పొడుగునా నడిచాడు, రాసుకున్నాడు. తర్వాత మలుపులో కుర్చీ వేయించుకుని వచ్చేపోయే బండ్లని లెక్కపెట్టాడు. అక్క కావాలని నాలుగుసార్లు అతని ముందు నుంచే అటూ ఇటూ తిరిగింది. వెళ్ళేటప్పుడు అతను నాన్నకి నమస్కారం పెట్టి, "వీధి బాగా ఉంచుకున్నారండీ," అన్నాడు. ఆ మాటకి నాన్న వారంరోజులు పొంగిపోయాడు.

నెల తిరక్కుండా ఆఫీసు గోడకి జాబితా అంటించారు. ఈ ఏడాది తారు పడేవి ఆరు రోడ్లు. మొదటిది ఆఫీసుల రోడ్డు, రెండేళ్ళ కిందట వేసిందే. రోడ్లకని వచ్చిన డబ్బులో సగానికి పైగా దానికే. మా వీధి నలభై ఒకటో వరసలో ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆఫీసుకి ఏడు మెట్లు, బండి ఎక్కే దారి లేదు. అక్కని కింద ఎండలో వదిలి నేనొక్కదాన్నే పైకి వెళ్ళాల్సొచ్చింది.

"మీ వీధికి పన్నెండు మార్కులొచ్చాయమ్మా. నలభై దాటితేగానీ పని ఇవ్వరు," అన్నాడు ఇంజినీరు, కాగితం నా వైపు తిప్పి. గుంతలు అన్న గడిలో 'లేవు' అని రాసుంది.

"ఇరవై మూడున్నాయి సార్."

"కొలిచిన రోజు లేవు కదా."

"మా నాన్న పూడ్చాడు. మీ మనిషి వస్తున్నాడని."

ఇంజినీరు కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "ఎందుకు పూడ్చారమ్మా?"

"మర్యాదకి," అన్నాను. నోట్లోంచి ఆ మాట వస్తుంటేనే నాకు ఏడుపొచ్చింది.

"గుంత లోతుని బట్టే మార్కులు. పూడిస్తే ఏముంటుంది?"

"మరి ఆఫీసుల రోడ్డు? దాంట్లో ఒక్క గుంత చూపించండి నాకు."

"దానికి బండ్ల మార్కులొచ్చాయి. పైగా పైనుంచి పెద్దవాళ్ళు ఎవరొచ్చినా ఆ రోడ్డు మీదే రావాలి."

"ఫుట్‌పాత్ టైల్స్ కూడా పీకేస్తున్నారటగా?"

"రంగు వెలిసిందమ్మా."

రంగు వెలిసింది. మా అక్క చెయ్యి విరిగింది, అక్కడేమో రంగు వెలిసింది. ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది, ఎవరో టీ తాగుతున్నారు, ఆ మాటలో తప్పేముందో ఒక్కరికీ తోచలేదు. బల్ల తలకిందులు చేద్దామన్నంత కోపం వచ్చింది.

"మా అక్క రోజూ ఆ వీధిలో బండి మీద తిరుగుతుంది సార్. కొలిచిన రోజు నాలుగుసార్లు తిరిగింది. ఆమెకెన్ని మార్కులు?"

ఇంజినీరు కాగితం పైనుంచి కింద దాకా చూశాడు. "మోటారు లేని బండికి ఇందులో గడి లేదమ్మా," అన్నాడు. అతనికీ కాస్త సిగ్గేసినట్టుంది, గొంతు తగ్గించాడు. "పదిహేను రోజుల్లో అభ్యంతరం రాసివ్వండి. మళ్ళీ కొలిపిస్తాను. కానీ కొలిచే రోజుకి గుంతలుండాలి."

ఇంటికొచ్చి జరిగింది నాన్నకి చెప్పాను. నెమ్మదిగా చెబుదామనుకున్నాను గానీ, మొత్తం అరిచే చెప్పాను. నాన్న లేచాడు. గోడ పక్కనున్న గునపం తీసుకుని వీధిలోకి వెళ్ళాడు.

రోడ్డు పరచడమే గానీ పెకలించడం ఎరగని మనిషి. డెబ్భై ఏళ్ళ వయసులో మొదటి గుంత దగ్గర గొంతుక్కూర్చుని, తను దంచిన మట్టిని తనే పెళ్ళగించాడు. మేస్త్రీ సాయానికి వస్తే వద్దన్నాడు.

"నేను పోసింది నేనే తీస్తాను. ఒక్క రాయి కూడా ఎక్కువ తియ్యను," అన్నాడు.

మూడు రోజులు పట్టింది. చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అక్క మాత్రం గుమ్మంలోనే కూర్చుని చూసింది.

అభ్యంతరం రాసిచ్చాక అదే మనిషి అదే స్కేలుతో మళ్ళీ వచ్చాడు. తొమ్మిదో గుంతలో స్కేలు నిలబెట్టి, "పదకొండు సెంటీమీటర్లు," అని రాసుకున్నాడు. ఈసారి నాన్నకి నమస్కారం పెట్టలేదు, ముఖం చూడలేకపోయాడు. పోతూ పోతూ నాతో అన్నాడు, "మార్కులు సరిపోతాయమ్మా. కానీ పని మంజూరయ్యేదాకా వీటిని ముట్టుకోకండి. మధ్యలో ఎవరైనా వచ్చి చూసి లేవని రాస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

"మంజూరు ఎప్పటికవుతుంది?"

"వానలు తగ్గాక."

అంటే మా అక్క చేతిని కాపాడే రోడ్డు రావాలంటే, ఆ చెయ్యి విరగ్గొట్టిన గుంతల్ని ఈ వానాకాలమంతా మేమే పదిలంగా కాపలా కాయాలి. ఈ రూలు రాసినవాణ్ణి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అక్క బండిలో కూర్చోబెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాలని నా కోరిక.

షాపు మూసేద్దామా అని అడిగితే అక్క వద్దంది. మర్నాటి నుంచి నాన్న బండి వెనక నడవడం మొదలుపెట్టాడు. గుంత రాగానే వంగి, వెనక చక్రాలు రెండూ పట్టి ఎత్తి, అవతల దించుతాడు. ఎత్తిన ప్రతిసారీ "చూసుకో తల్లీ," అంటాడు. అక్క లెక్కపెడుతుంది. పోను ఇరవై మూడు, రాను ఇరవై మూడు.

మొదటి చినుకులు పడ్డ పొద్దున నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను. మా వీధి వెళ్ళి కలిసేది ఆఫీసుల రోడ్డులోనే. అక్కడ కొత్త తారు పొగలు కక్కుతోంది, రోలరు తిరుగుతోంది. రోలరు కనబడితే నిలబడి చూడందే కదలడు నాన్న. ఆరోజు తలెత్తలేదు. నడుపుతున్నది ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. రోలరు ఆపి, "గురువుగారూ, ఎలా వచ్చిందో చూడండి. ఎంత నున్నగా ఉందో," అన్నాడు.

"నున్నగా లేనిదెప్పుడురా అది?" అన్నాడు నాన్న.

కొత్త తారు మా వీధి చివర గీత గీసినట్టు ఆగిపోయింది. గీతకి ఇవతల మూరెడు దూరంలో ఆఖరి గుంత, అప్పుడే నీళ్ళు చేరుతున్నాయి. నాన్న నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం ఆగాడు. నేను ముందుకొస్తే అడ్డంగా తలూపి, వంగి రెండు చక్రాలూ పట్టుకున్నాడు.

"ఇరవై మూడు," అంది అక్క.

"చూసుకో తల్లీ," అని ఎత్తాడు నాన్న.