సంకల్పంలో తప్పు

పూణేలో ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రం నాన్నగారు ఫోన్ చేశారు. ఎవరి నాన్నయినా ఏమడుగుతారు? తిన్నావా, గది బాగుందా, రూమ్మేటు మంచిదేనా అని కదా! మా నాన్నగారు అడిగిన మొదటి మాట ఇదీ: "అక్కడ ఏ నదే?"

"ఏ నదేంటి నాన్నగారూ?"

"ఊరన్నాక పక్కన ఒక నది ఉండదుటే? నది పేరు తెలీకుండా సంకల్పం ఎలా చెప్పుకుంటావు?"

మాది కొవ్వూరు. గోదావరి ఒడ్డున గోష్పాదం రేవులో వేంకటరమణ శాస్త్రిగారిల్లు ఎక్కడంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ఆయనే మా నాన్నగారు. పౌరోహిత్యం ఆయన వృత్తి. ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పాలి. అంటే, ఈ పూజ ఎవరు, ఏ రోజు, ఎక్కడ కూర్చుని చేస్తున్నారో దేవుడికి విన్నవించుకోవడం. దేవుడికి అడ్రసు చెప్పడం అనుకోండి. అందులో మనం శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నది ఒడ్డున ఉన్నామో, ఆఖరికి ఇల్లు సొంతమో అద్దెదో కూడా చెప్పాలి.

ఫోన్లో వెతికి చెప్పాను, ఇక్కడ రెండు నదులున్నాయి, ముళా, ముఠా అని.

"ముఠా ఏంటే? దొంగల ముఠాయా?" అని ఆయన నవ్విన నవ్వుకి అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగిందట.

వారం తిరక్కుండా నా కోసం ఒక సంకల్పం తయారుచేసి ఫోన్లోనే వల్లె వేయించారు. శ్రీశైలానికి వాయవ్యం, ముళా ముఠా నదుల మధ్య, వసతి గృహే. నాకు చిన్నప్పట్నుంచీ చెవిలో పడి ఉంది కాబట్టి పట్టుకున్నాను.

"మనింట్లో స్వగృహే అంటారుగా?"

"అది సొంతిల్లు. నీది అద్దె కొంప. దేవుడి దగ్గర కూడా కోతలు కోస్తావా?"

అలా మూడేళ్ళు. సోమవారం సోమవారం స్నానం చేసి, కుక్కరు మూడో విజిల్ వేసేలోపు దీపం పెట్టి ఆ సంకల్పం గడగడా అప్పజెప్పేసేదాన్ని. అర్థం గిర్థం ఎవరికి కావాలి? క్యాబు కింద హారన్ కొడుతూ ఉండేది.

మొన్న శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతం నాడు నాలుగిళ్ళలో వ్రతం చేయించి, ఐదో ఇంట్లో కథ చదువుతూ చదువుతూ నాన్నగారు ఆగిపోయారు. ఊపిరి పీల్చుకుంటున్నారని వాళ్ళు అక్షతలు పట్టుకుని కూర్చున్నారట. పుస్తకం చేతిలోంచి జారి కలశం మీద పడ్డాక గానీ ఎవరికీ తెలియలేదు. పక్షవాతం. యాభై నాలుగేళ్ళకి! బ్రిడ్జి దాటించి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణానికి ఫర్వాలేదు, కుడిచెయ్యి మెల్లగా వస్తుంది, మాట సంగతి మాత్రం చెప్పలేం అన్నారు.

మాట పడిపోయింది. పొద్దున లేస్తే మాటే తిండి పెట్టే మనిషికి.

నేను ల్యాప్‌టాప్ వేసుకుని వచ్చేశాను. ఆఫీసువాళ్ళు ఇంటినుంచే పనిచేసుకోమన్నారు. వచ్చానే గానీ, ఆ ఇంట్లో నాకు కాలు నిలవలేదు. మా ఇల్లంటే నాకు గోడలు కాదు, ఒక గొంతు. తెల్లవారుఝామున నాలుగింటికి మొదలయ్యేది. ఇంటర్ పరీక్షలప్పుడు "కాస్త మెల్లగా చదవండి నాన్నగారూ, నా ఫిజిక్సు మీ మంత్రాల్లో కలిసిపోతోంది" అని పోట్లాడేదాన్ని. ఇప్పుడు అదే హాల్లో ఆయన వాలుకుర్చీలో కూర్చుని కిటికీలోంచి వీధి చూస్తూ ఉంటారు. బ్రిడ్జి మీద రైలు వెళ్తే ఆ చప్పుడు ఇంట్లోకి మొత్తం వినిపిస్తోంది. ఇదివరకు వినిపించేదే కాదు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఇంట్లో భయం వేసేది.

మాట నేర్పించడానికి రాజమండ్రి నుంచి ఆశాజ్యోతి గారని ఒకావిడ వారానికి రెండుసార్లు వచ్చేవారు. బొమ్మల కార్డులు చూపించి పేర్లు చెప్పించాలని ఆవిడ ప్రయత్నం. కప్పు. బస్సు. అరటిపండు. నాన్నగారు కార్డు వంక చూస్తారు, పెదవులు కూడగట్టుకుంటారు, గాలి తప్ప ఏమీ రాదు. నా వైపు చూపించి "ఈవిడెవరండీ? పేరు చెప్పండి" అనేవారావిడ. అప్పుడూ అంతే. ఆ చూపు నేను భరించలేక లేచి మంచినీళ్ళ వంకతో లోపలికి పోయేదాన్ని.

ఒకరోజు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆవిడ అన్నారు: "ఉమాశ్రీ గారూ, ఒక్కోసారి ఆలోచించి చెప్పే మాట రాకపోయినా, నోటికి అలవాటైపోయినది వచ్చేస్తుందండి. పాటలు, ఎక్కాలు, అలాంటివి. ఈయన చేత మంత్రాలు చెప్పించకూడదూ? తొందరపడాలి మరి. మొదటి మూడు నెలల్లో వచ్చినంత తర్వాత రాదు."

చెప్పిస్తే చెప్పడానికి ఆయన నా మాట వింటారా? పుస్తకం ఒళ్ళో పెట్టాను. ఎడమచేత్తో మూసేశారు. అమ్మ బతిమాలింది, నేను కోప్పడ్డాను, ఆయన తల అడ్డంగా ఊపడమే. ఆఖరికి అమ్మే చెప్పింది: "వంకర తిరిగిన నోటితో మంత్రం పలికితే పాపమని ఆయన భయమే. ఊపిరి పోయినా తప్పు పలకరు ఆయన."

"పాపమూ లేదు, పాడూ లేదు! మూడు నెలలే ఉన్నాయమ్మా మనకి," అని అరిచాను. అరిస్తే ఏమొస్తుంది? శ్రావణం వెళ్ళింది, భాద్రపదం వెళ్ళింది, ఆశ్వయుజం వెళ్ళింది. కార్తీకం వచ్చింది, మూడు నెలలకి పది రోజులు మిగిలాయి.

ఆఫీసువాళ్ళు ఇక వచ్చే వారం రావాల్సిందే అన్నారు. ఆ సంగతే పూణేలో ఉన్న నా రూమ్మేటు రామతులసికి ఫోన్లో చెప్తున్నాను. "వచ్చే ఆదివారం బయల్దేరతానే. ఇంటికొచ్చేసరికి సోమవారం సాయంత్రం అవుతుంది. మొక్కలకి నీళ్ళు పోస్తున్నావా లేదా?"

ఫోన్ పెట్టి చూస్తే వెనకాల అమ్మ. "ఇంటికా? ఇంటికి వెళ్తున్నావా? మరి ఇదేంటే, సత్రమా?"

"ఏదో నోటికొచ్చిన మాట అమ్మా. దానికే రాద్ధాంతం చేస్తావేంటి?"

"నోటికొచ్చిన మాటా?" అంది అమ్మ. "నోటికి రాకపోతే ఎలా ఉంటుందో మూడు నెలలుగా చూస్తూనే ఉన్నాగా!" అని వెళ్ళిపోయింది. ఆ రోజు మళ్ళీ నాతో మాట్లాడలేదు. నాకూ తెలుసు, అది ఊరికే వచ్చిన మాట కాదని. కొవ్వూరు ఎప్పుడు ఊరైపోయిందో, పూణే ఎప్పుడు ఇల్లయిందో నాకే తెలియలేదు. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో మాత్రం తెలియదు.

మర్నాడు కార్తీక సోమవారం. నాన్నగారు పడినప్పట్నుంచీ మా మణిశంకర్ బాబాయి రోజూ వచ్చి మా ఇంట్లో దేవతార్చన చేసి వెళ్తున్నాడు. ఆ రోజు తెల్లవారకముందే ఫోన్ చేశాడు. "రేవు నిండా జనమే అమ్మడూ, ఇసకేస్తే రాలదు. నేను కదల్లేను. నీకు వచ్చుగా, నువ్వు కానిచ్చెయ్."

స్నానం చేసి వచ్చి పీట మీద కూర్చున్నాను. పక్కన వాలుకుర్చీలో నాన్నగారు. అమ్మ రేవులో మునిగి వచ్చి తడిజుట్టుతో వంటింట్లో ఉంది. దీపం వెలిగించి, ఆచమనం చేసి, మొదలుపెట్టాను. మూడేళ్ళ అలవాటు. నోరు ఒకసారి దారిలో పడిందంటే మిగతాది అదే నడిచిపోతుంది. నా బుర్రలో మాత్రం ఆదివారం టికెట్టూ, అమ్మ అలకా తిరుగుతున్నాయి.

"శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే," అనేశాను.

వాయవ్యం పూణేకి. కొవ్వూరుకి ఈశాన్యం అనాలి. నాకు ధ్యాసే లేదు. నాన్నగారు చటుక్కున తలెత్తారు. దాహమేమోనని చెంబు వంక చూశాను గానీ నోరు ఆగలేదు. గోదావరి నీళ్ళు పంచపాత్రలో పోసుకుని, గోదావరికి కూతవేటు దూరంలో కూర్చుని, ముళా ముఠా అనేశాను. కుర్చీ చెయ్యి మీద ఎడమచేత్తో దబదబా కొట్టారాయన. అప్పటికీ తెలివి రాలేదు నాకు.

"వసతి గృహే," అన్నాను.

"స్వగృహే!"

నేను వీధి గుమ్మం వైపు చూశాను. బాబాయి వచ్చాడనుకున్నాను. ఎవరూ లేరు.

నాన్నగారు ముందుకి వంగి ఉన్నారు. మొహం కందగడ్డలా ఉంది. కళ్ళు నిప్పులు. తప్పు చదివితే నన్ను తిట్టేటప్పటి మొహం అది. ఎన్నాళ్ళయిందో ఆ మొహం చూసి! "స్వగృహే," అన్నారు మళ్ళీ. గొంతు బొంగురుపోయి ఉంది, కానీ ఆ 'గృ' ఎంత శుభ్రంగా పలికిందనుకున్నారు! నా చేతిలో ఉద్ధరిణ కింద పడింది.

తప్పు దొర్లిన సంకల్పాన్ని మధ్యలోంచి అతకరు. మొదటినుంచీ చెప్పాలి. ఆయన మొదటినుంచీ మొదలుపెట్టారు.

బ్రహ్మదేవుడి ఆయుష్షు దగ్గర మొదలవుతుంది అది. బ్రహ్మకి సగం వయసు అయిపోయిందట, రెండో సగం నడుస్తోందట. అందులో ఒక్క రోజు, శ్వేతవరాహ కల్పం. ఆ ఒక్క రోజులో ఒక మనువు కాలం. అందులో కలియుగం, అందులో మొదటి పాదం. పుట్టినప్పట్నుంచీ వింటున్న మాటలే. ఫిజిక్సుకి అడ్డమొస్తున్నాయని విసుక్కున్న మాటలే. ఆ రోజు ఒక్కొక్కటీ నా మీద పడుతూ ఉంటే ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఎంత కాలం! ఎంత కాలం గడిస్తే ఈ సోమవారం వచ్చింది!

కాలం అయ్యాక చోటు. జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకి దక్షిణం. ఫోన్లో మ్యాపుని రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటూ దిగినట్టు దిగుతున్నారాయన. శ్రీశైలానికి ఈశాన్యం. గోదావరికి పడమటి ఒడ్డు. స్వగృహే. ఆ మాట మూడోసారి, నా వైపు ఒక చూపు చూసి మరీ అన్నారు. అంత విశ్వంలోంచి వెతుక్కుంటూ వచ్చి, కొవ్వూరులో మా హాల్లో, పీట మీద నా దగ్గర ఆగింది ఆ గొంతు.

మూడేళ్ళు పూణేలో కుక్కరు పక్కన నిలబడి నేను చెప్పిందీ ఇదే కదా! బ్రహ్మ మారలేదు. మనువు మారలేదు. మేరువు ఉన్నచోటే ఉంది. ఒక దిక్కు, ఒక నది, ఒక గృహం, అంతే మారింది. మిగతా అడ్రసంతా ఒక్కటే. నేను ఎంతో దూరం వెళ్ళిపోయానని మురిసిందీ, ఏడ్చిందీ ఈ కొలతల్లో చూస్తే మా వీధి మలుపంత కూడా లేదు. ఇంత పెద్ద ఇంట్లో ఉండి, నిన్న అమ్మతో ఇల్లేదని పోట్లాడానా? నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

నాన్నగారు ఆగారు. నా వైపు చూసి, "గోత్రం?" అన్నారు.

రేవులో ముక్కూ మొహం తెలియనివాళ్ళని అడిగే మాట అది. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళు పీట మీద కూర్చుంటే వాళ్ళని అలాగే అడుగుతారు. నన్ను గుర్తుపట్టడం లేదా? ఇన్నాళ్ళూ పేరు రాకపోవడం కాదా, అసలు నేనెవరో తెలియకేనా?

"హరితస," అన్నాను.

"హరితస గోత్రోద్భవాయాః," అని మళ్ళీ ఆగారు.

ఇక్కడ పేరు రావాలి. నేను అందించవచ్చు, పూజ చేయించుకునే యజమానులంతా అందిస్తారు. అమ్మ ఎప్పుడు వచ్చిందో, గరిట పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పవే అన్నట్టు చెయ్యి ఊపింది. నేను నోరు మూసుకున్నాను. ఆయన నా మొహంలోకి చూస్తున్నారు. చిన్నప్పట్నుంచీ ఆయన సంకల్పంలో నాకు విడిగా పేరు లేదు, "సకుటుంబస్య" అన్న మాటలో అమ్మతో పాటు నేనూ వచ్చేసేదాన్ని. ఆయన పెదవులు కదిలాయి. ఆగాయి. దీపం వత్తి చిటపటమంది. నేను దేవుడా, దేవుడా అనుకుంటూ ఉన్నాను.

"ఉమాశ్రీ నామధేయవత్యాః," అన్నారు నాన్నగారు.

ఆ తర్వాత ఆయన ఏం చెప్పారో నాకు వినపడలేదు. చేతిలో అక్షతలు తడిసిపోయాయి. నీళ్ళు ఎప్పుడు వదలాలో ఆయనే ఎడమచేత్తో సైగ చేశారు.

సంకల్పం అయిపోయింది. పీట మీదనుంచి ఒక్క ఉదుటున లేచి, కుర్చీ దగ్గర కూలబడి, "నాన్నగారూ, కాఫీ తాగుతారా?" అన్నాను.

ఆయన నోరు తెరిచారు. పెదవులు కూడగట్టుకున్నారు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏవండీ," అంటూ వచ్చింది అమ్మ. "వల్లీ అనండి. ఒక్కసారి పిలవండి నన్ను."

ఆయన అమ్మ వంక చూశారు, నా వంక చూశారు, ఎంతో కష్టపడ్డారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి తప్ప మాట రాలేదు. తల వాల్చేసుకున్నారు.

అమ్మ గరిట పక్కన పెట్టి, చెంగుతో ఆయన కళ్ళు తుడిచి, తన కళ్ళు తుడుచుకుని, వచ్చి నా పీట సరిగ్గా వేసింది.

"మళ్ళీ తప్పు చెప్పవే తల్లీ," అంది.

నేను అక్షతలు తీసుకుని, పూణే నుంచి మొదలుపెట్టాను.