ఇత్తడి వాల్వు

మా తోడల్లుడిని బంధువులంతా ‘పెద్దచెయ్యి’ అంటారు. ఎవరికేం కావాలన్నా అడక్కముందే పెడతాడని ఆ పేరు. నిజమే, నాకూ అడక్కుండానే పెట్టాడు. దాని కథే ఇది.

నేను ప్లంబర్ని. బడి మానేసి పానా పట్టుకున్నవాణ్ని. మోకాలి చిప్ప అరిగి నిచ్చెన ఎక్కలేని రోజు వచ్చాక, కూర్చుని చేసుకునే పని కోసం వెతికాను. అంతకుముందు ఒక పెద్దింట్లో గొట్టాలు బిగిస్తూ, గాజుతొట్టిలో పగడాలు పెంచడం చూశాను. బతికున్న పగడం, ఉప్పునీళ్లలో పెరిగే పురుగుల గూడు. చిన్న ముక్క కోసి సిమెంటు బిళ్లకి అంటిస్తే అదే అల్లుకుంటుంది. ఆ బిళ్లల్ని చేపల దుకాణాలవాళ్లు కొనుక్కుపోతారు.

తొట్లకి డబ్బు కావాలంటే ఇల్లు కట్టుకుందామని ఉంచుకున్న స్థలం అమ్మాలి. సంతకం పెట్టేముందు మా ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఇవి పెరిగితే మళ్లీ స్థలం వస్తుందా?"

"స్థలమేంటే, ఇల్లే వస్తుంది."

"పెరక్కపోతే?"

"శుభం పలకరా మంకెన్నా అంటే..." అని సగంలో ఆపేశాను. ఆవిడ సంతకం పెట్టింది.

అద్దెయింటి వెనకగదిలో సిమెంటు ఇటుకల దిమ్మెలు కట్టి నాలుగు తొట్లు ఎక్కించాను. పెద్దదాంట్లో తల్లి పగడాలు, లోతు తక్కువ ఉన్న మూడింట్లో బిళ్లలు. అన్నిటి నీళ్లూ కింద అయిదో తొట్టిలోకి దిగి, వడపోసుకుని, మోటారుతో మళ్లీ పైకెక్కుతాయి. నీళ్లు ఎంత ఎక్కువుంటే ఉప్పూ వేడీ అంత నిలకడ. అందుకే అన్నిటినీ ఒకే నీటికి కలిపాను. గొట్టాలు, వాల్వులు సమస్తం ప్లాస్టిక్కే. ఉప్పునీళ్లు ఇత్తడిని తింటాయి, అందులోని రాగి నీళ్లలో కలుస్తుంది, రాగి పగడానికి విషం.

పెద్దచెయ్యి బంధువులతో కలిసి చూడ్డానికొచ్చి గొట్టాల మీద వేలితో కొట్టాడు. "ఏంటన్నయ్యా ఇది? ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడావు!"

"ఇత్తడి తగిలితే చస్తాయి తమ్ముడూ."

"ఇత్తడి బిందెలో నీళ్లు తాగి పెరిగాం. మనం చచ్చామా?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

పగడాలు పెరిగాయి. ఆకుపచ్చవి, ఊదావి, నీలిదీపం కింద నిప్పుకణికల్లా ఉండేవి. ఒక దుకాణంవాడు చూసి, బిళ్లలు అంచుదాకా నిండగానే మొత్తం తనకే కావాలన్నాడు. ఆ ధైర్యంతోనే మోకాలి ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. మా ఆవిడ నాతో ఆసుపత్రిలో ఉండిపోయింది. తాళంచెవి తోడల్లుడికిచ్చాం.

ఫోన్ చేశాడు. "ఒక వాల్వు దగ్గర చుక్క చుక్క కారుతోందన్నయ్యా."

"కింద గిన్నె పెట్టు. ఇంకేం ముట్టుకోకు."

"నువ్వు పడుకో. నేనున్నాను కదా."

చేతికర్రతో ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా ఆ గదిలోకెళ్లాను. ముందు కనబడ్డవి నత్తలు. అద్దానికి పట్టుకుని పాచి తినే నత్తలు అడుగున వెల్లకిలా పడున్నాయి. తర్వాత పగడాలు. పూలరేకుల్లా విచ్చుకునే ఒళ్లు ముడుచుకుపోయి, అంచుల్లో తెల్లగా ఎముక బయటపడింది. నేల పొడిగా ఉంది. గిన్నె లేదు. గొట్టం మధ్యలో పచ్చగా మెరుస్తూ ఇత్తడి వాల్వు.

"అసలైన సరుకు," అన్నాడు వెనక నుంచి. "నా డబ్బుతోనే వేయించా. నువ్వేం ఇవ్వక్కర్లేదు."

"తియ్యి" అన్నాను. నేనే పానా తీసుకుని కుట్లు లాగుతున్నా వంగి విప్పాను.

నీళ్లన్నీ మార్చాను. అయినా తొట్లలోని రాళ్లు రాగిని తాగేసి ఉన్నాయి. కొత్త నీళ్లు పోసినకొద్దీ కొంచెం కొంచెం కక్కాయి. ఒకే నీరు కదా, ఏ తొట్టీ మిగల్లేదు. తల్లి పగడాలు ఆఖరున పోయాయి.

మరదలు వచ్చి, "ఆయన మంచికే చేశారు కదా బావా, అలా మొహం తిప్పుకుంటే ఎలా?" అంది. చెడు చేసినవాడితోనైతే పోట్లాడొచ్చు. ఇంటిల్లిపాదీ అతనివైపే ఉంటే నేనెవరితో పోట్లాడను?

మా ఆవిడ తెల్లబడ్డ ముక్కల్ని గోనెసంచిలోకి ఎత్తుతూ కూర్చుంది. పెద్దచెయ్యి వాల్వుని తుడిచి జేబులో వేసుకున్నాడు, ఇంకోచోట పనికొస్తుందట.

వెళుతూ భుజం తట్టాడు. "పోతే పోయాయిలే అన్నయ్యా, పురుగులేగా!"

పోయింది రోడ్డు పక్క మూల స్థలం, నూట అరవై రెండు గజాలు.