సదాప కుండీ ఎవరికి?

తొంభై నాలుగులో, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి తార్నాక క్రైస్తవ సంఘం ఆవరణలో, బైబిలూ పాత భక్తుల కథలూ చెప్పే మొక్కలతో వాక్యపు తోట ఒకటి తెరవాలని తీర్మానమైంది. ఆ తీర్మానం ప్రొఫెసర్ దేవేందర్‌ది. ఆయన యూనివర్సిటీలో మొక్కల శాస్త్రం చెబుతాడు, సంఘంలో పెద్ద. ఏ ఆకుకు పాత క్రైస్తవులు ఏ అర్థం చెప్పుకున్నారో ముప్పై పేజీల వ్యాసం రాసి, మూడు ఆదివారాలు చదివాడు. మొదటి ఆదివారం జనం విన్నారు. రెండోది ఓర్చుకున్నారు. మూడో ఆదివారం, కుండీకొక కుటుంబం పేరు రేకు మీద రాయిస్తామనేసరికి మళ్లీ చెవులు నిక్కబొడుచుకున్నారు.

తోట పని దానియేలుది. క్యాంపస్‌లో దేవేందర్ సార్ డిపార్ట్‌మెంటులోనే ఇరవై రెండేళ్లుగా మాలి. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో ఆరు మొక్కలతోనే.

కుండీలు పంచే రోజు గుడి కిటకిటలాడింది. ఆవాలంటే విశ్వాసం. దానికి పదకొండు కుటుంబాలు చేతులెత్తాయి. పదకొండు కుండీల్లోనూ ఆవాలే వేయమన్నారు. పుదీనా, సోపు, జీలకర్ర దగ్గర సార్ కాస్త గొంతు సవరించుకున్నాడు. ఆకుల్లో కూడా పదోవంతు లెక్కపెట్టి ఇచ్చి, న్యాయాన్ని మరిచినవాళ్ల గుర్తుగా ఆ మూడూ నిలిచాయన్నాడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన రాజలింగు లేచాడు.

"పదోవంతు అన్న మాట దాంక రాయించుర్రి సార్. మిగిలింది రేకు మీద పట్టది. గా కుండీలు నాకియ్యుర్రి."

సిలువ దొరికిన చోట మొలిచిందని చెప్పే సబ్జా మొక్క వచ్చింది. రాజలింగు మళ్లీ లేచాడు.

"సార్, ఇది తులసి లెక్కనే ఉన్నది. సూసినోళ్లు ఏమనుకుంటరు?"

"ఇది బేసిల్, రాజలింగన్నా."

"గట్లయితే ఇంగ్లీషుల రాయించుర్రి. జర పెద్దగ."

ఆఖరికి చేదు ఆకుల సదాప మిగిలింది. సదాపంటే పశ్చాత్తాపం, అన్నాడు సార్. ఒక్క చెయ్యీ లేవలేదు.

"పశ్చాత్తాపం, రాజలింగు కుటుంబం అని రాస్తే, ఏం జేసిండ్రని అడగరా? ఇంట్ల పిల్లకు సంబంధాలు సూస్తున్నం" అన్నాడు రాజలింగు.

లాలాగూడ నుంచి నడిచొచ్చే ముసలామె ఒకామె ఉంది. అందరూ పెద్దమ్మ అంటారు. ఆమె వైపు చూశారు.

"నా దిక్కు సూడకుర్రి. బోర్డు పెట్టేటంత పాపం నేను జెయ్యలే. ఇప్పుడు జేద్దామన్నా మోకాళ్లు సహకరిస్తలేవు."

"దానియేలుకు రాద్దాం, ఏమనడు" అన్నారెవరో. దానియేలు సదాప మొక్కను ఎత్తుకుని తోట వైపు నడిచాడు.

సార్ తన కుటుంబానికి రోజ్‌మేరీ ఉంచుకున్నాడు. మరియమ్మ తన నీలం దుప్పటి ఆ పొద మీద ఆరేస్తే తెల్లపూలు నీలమయ్యాయని కథ. ఆ మొక్క బజార్లో దొరకలేదు. ఊటీ నుంచి తెప్పించినవి డిపార్ట్‌మెంటు గాజుగదిలో రెండు ఉన్నాయి. ఒక శనివారం మధ్యాహ్నం అందులో ఒకదాన్ని దానియేలు చేతనే తీయించి, సార్ స్కూటరు ముందు పెట్టించుకున్నాడు.

"రిజిస్టర్ల రాయాలె గద సార్."

"నేను జూసుకుంటలే, దానియేలూ."

గాజుగదిలో ప్రతి మొక్క మొదలుకు రూపాయి బిళ్లంత రేకు, దాని మీద నంబరు, సన్నటి తీగతో కట్టి ఉంటుంది. మొక్క కుండీ మారినా బిళ్ల మారదు. ఇరవై రెండేళ్లలో దానియేలు ఒక్క బిళ్ల కూడా విప్పినవాడు కాదు. ఇదీ విప్పలేదు. బిళ్లతోనే సంఘం కుండీలో నాటి మట్టి కప్పాడు. ఆ మొక్క మీద ఆరు పేజీలు రాసిన సార్, దాని మొదలు వైపు ఒక్కసారీ వంగి చూడలేదు.

కొత్తగా వచ్చిన హెడ్ కామాక్షి మేడం గాజుగది లెక్క చూసింది. ఒకటి తక్కువ. మాలికి మెమో ఇచ్చింది. సోమవారం లోపల సంజాయిషీ రాసివ్వాలి. జూన్‌లో దానియేలు రిటైర్మెంటు. దొంగతనం మెమో ఫైలులో ఉంటే పెన్షన్ కాయితం కదలదు.

దానియేలు మెమో పట్టుకుని సార్ గదికి పోయాడు.

"ఇప్పుడు చెప్తే ఓపెనింగ్ పాడైతది" అన్నాడు సార్. "మేడమే ముఖ్య అతిథి. నా వ్యాసానికి ముందుమాట ఆమెనే రాయాలె. అయినంక నెమ్మదిగ చెప్త. అప్పటిదాంక ఎలుక కొరికిందని రాసియ్యి."

"ఎలుక రోజ్‌మేరీ ముట్టది సార్."

"నీకెట్ల తెలుసు?"

"వాసన."

సార్ వ్యాసంలో ఆ వాసన గురించి రెండు పేజీలున్నాయి. ఎలుక సంగతి లేదు.

మట్టల ఆదివారం వచ్చింది. అందరి చేతుల్లో ఈతమట్టలు, దానియేలు జేబులో మెమో. మేడం రిబ్బను కత్తిరించింది. సార్ రోజ్‌మేరీ దగ్గర నిలబడి, "ఇది స్మరణకు గుర్తు. ఊటీ నుంచి నేనే ప్రత్యేకంగా తెప్పించిన" అన్నాడు. మార్చి ఎండకు మొక్క తల వేలాడేసింది. మేడం ఎంతైనా మొక్కల మనిషి. ప్రసంగం వదిలేసి వంగింది.

"వేరు కుళ్లినట్టుంది. దానియేలూ, మట్టి కొంచెం తీయి."

దానియేలు వేళ్లతో మట్టి తీశాడు. ఎండకు బిళ్ల తళుక్కుమంది. మేడం చదివింది.

"గాజుగది ముప్పై ఏడు." తలెత్తింది. "ఇది ఇక్కడికెట్ల వచ్చింది?"

దానియేలు సార్ వైపు చూశాడు. సార్ గుడి శిఖరం వైపు చూస్తున్నాడు.

"స్కూటర్ మీద, మేడం."

ఎవరి స్కూటరని మేడం అడిగేలోపే పెద్దమ్మ అందుకుంది.

"దానియేలుకు సైకిలే ఉన్నది బిడ్డా. అది గూడ చెయిన్ ఊడేది."

"అదే మేడం... రేపు వచ్చి నేనే చెబుదామని..." అన్నాడు సార్. ఈతమట్టలన్నీ కిందికి దిగిపోయాయి.

మేడం మెమో అడిగి తీసుకుంది. దాని వెనక, మొక్క దొరికింది, మాలి తప్పు లేదు అని రాసి సంతకం చేసింది. దానియేలు ఆ ఐదు మాటలూ కూడబలుక్కుని చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ మేడం సదాప కుండీ దగ్గర ఆగింది. 'పశ్చాత్తాపం – దానియేలు కుటుంబం' అని ఉంది.

"పేరు తప్పు పడింది" అని వెళ్లిపోయింది.

రోజ్‌మేరీ దానియేలు సైకిలు మీద గాజుగదికి చేరింది, రిజిస్టరులోకీ ఎక్కింది.

ఈస్టరు దాటాక వచ్చిన ఆదివారం సార్ పశ్చాత్తాపం మీద నలభై నిమిషాలు మాట్లాడి రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు. సదాప కుండీ ముందు రేకు పోయి నల్ల గ్రానైటు రాయి లేచింది. నడుమెత్తు. బంగారు అక్షరాలు: 'పశ్చాత్తాపం – ప్రొఫెసర్ దేవేందర్ కుటుంబం, ఎం.ఎస్సీ., పిహెచ్.డి.'

జనం రాయి చుట్టూ తిరిగి చూశారు. రాజలింగు అక్షరాల మీద వేలితో రుద్ది చూసి, దానియేలు చెవి దగ్గరికి వంగాడు.

"ఇంకో సదాప మొక్క దొరుకుతదా?"

ఆ సాయంత్రానికి పశ్చాత్తాపానికి తొమ్మిది కుటుంబాలు పేర్లిచ్చాయి. విశ్వాసం కుండీలు నాలుగు ఖాళీ అయ్యాయి.

దానియేలు నీళ్ల డబ్బా కింద పెట్టి సార్ దగ్గరికి పోయాడు. ఆ రోజుకు అవే అతని మొదటి మాటలు.

"సార్, రాయి జరపాలె. మొక్కకు ఎండ తగుల్తలేదు."