నిష్ ఊరి చుట్టం

తవిటయ్య నిష్ అనే ఊరికి వెళ్లడానికి ఒకటే కారణం. అతని చేతిలో ఉన్న డబ్బుతో అంతవరకే వెళ్లి రాగలడు.

1967లో ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానా నుంచి ఆరుగురు ఫిట్టర్లను మూడు నెలల శిక్షణకు యుగోస్లావియా పంపారు. బెల్‌గ్రేడ్‌లో బస. సెలవు రోజుల్లో మిగతా ఐదుగురూ సముద్రం ఒడ్డున ఉన్న పేరుగల ఊళ్లు చూసి వచ్చేవారు. తవిటయ్య గదిలోనే ఉండిపోయేవాడు. తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక, ఒక్క ఊరైనా చూడకుండా పోతే భార్య జోగమ్మకు ఏం చెప్పాలని బెంగ పట్టుకుంది. ఓ శనివారం స్టేషనుకు వెళ్లి, గుమస్తా ముందు చేయి చాచి చిల్లర చూపించాడు. గుమస్తా చీటీ మీద "నిష్" అని రాసిచ్చాడు.

అక్కడ ఒక పాత కోట, పక్కనే ఏరు. మధ్యాహ్నానికే చూడడం అయిపోయింది. తిరుగు బండి మర్నాడే. హోటల్‌లో గది అద్దె విని బయటికొచ్చేశాడు. రాత్రికి స్టేషన్ బల్లే గతి అనుకుంటూ నడుస్తుంటే, ఒక సందులో మిరపకాయలు కాలుతున్న వాసన వచ్చింది. మూడు నెలలుగా కారం ఎరగని మనిషి గోడ పక్కన అలాగే నిలబడిపోయాడు. పెరట్లో తలకు గుడ్డ కట్టుకున్న ఒక ముసలావిడ ఇనుప రేకు మీద ఎర్రటి పెద్ద మిరపకాయలు తిప్పుతోంది. అతన్ని చూసి లోపలికి రమ్మని చేయి ఊపింది. ఆ కాయలు తియ్యగా ఉన్నాయి. అతని మొహం చూసి ఆవిడ పడీపడీ నవ్వింది.

ఆవిడ పేరు స్తానా. గోడకు చనిపోయిన భర్త వాడిన సిగ్నల్ లాంతరు వేలాడుతోంది. తవిటయ్య దాన్ని చూపించి, తన గుండె మీద చేయి వేసుకున్నాడు. అతనూ రైలు మనిషేనని ఆవిడకు అర్థమైంది. ఆ రాత్రి అతన్ని మంచం మీద పడుకోబెట్టింది. తాను వంటింటి బల్ల మీద పడుకుందన్న సంగతి అతనికి తెల్లారాక తెలిసింది.

పొద్దున్న ఆవిడ కాగితం, పెన్సిలు తెచ్చి, నీ ఇల్లు ఎలా ఉంటుందని సైగ చేసింది. తవిటయ్య తమ కార్ఖానా పెద్ద దొరగారి బంగళా గీశాడు. స్తంభాల వరండా, తోట, తోటలో నీళ్లు పోసే మాలీ. రెండు గదుల ఇంట్లో ఉండే ఆ మనిషి ముందు గొప్పకు పోవలసిన అవసరం ఏముంది? చేయి మాత్రం ఆగలేదు. ఆవిడ సంతోషంగా అతని బుగ్గ నిమిరింది. బొమ్మ కింద తన పేరు, కార్ఖానా చిరునామా రాసి, మా ఇంటికి రండి అని రెండు చేతులతో పిలిచాడు.

ఇంటికొచ్చి జోగమ్మకు బొమ్మ సంగతి తప్ప అన్నీ చెప్పాడు.

"తన మంచం నీకిచ్చీసి బల్ల మీద తొంగుందా? ఆయమ్మ గానీ, ఆయమ్మ తరపోలు గానీ ఎప్పుడైనా వస్తే నా సేత్తో వండి పెడతాను మావా" అంది జోగమ్మ.

రెండేళ్ల తరవాత ఒక శనివారం, సగం డ్యూటీ దిగే వేళకు, కార్ఖానా గేటు దగ్గర ఒక పొడుగాటి తెల్లవాడు తవిటయ్య పేరున్న కాగితం పట్టుకుని నిలబడ్డాడు. స్తానా కొడుకు మిలాన్. ఓడలో పని. ఓడ కలకత్తాలో ఆగింది. సాయంత్రం బండికి తిరిగి వెళ్లిపోవాలి.

"మీ ఇంట్లో భోంచేసి, ఎలా ఉందో రాయమంది మా అమ్మ" అన్నాడు, వచ్చీరాని ఇంగ్లీషులో. అతని చేతిలో ఉన్నది ఆ బంగళా బొమ్మే.

తవిటయ్యకు ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని తన ఒంటిగది క్వార్టరు, గోడకు చేరేసిన పిడకలు కళ్ల ముందు మెదిలాయి. "బంగళా రిపేరులో ఉంది. మా ఆవిడ ఊరెళ్లింది" అన్నాడు. స్టేషన్ క్యాంటీన్‌లో ఆమ్లెట్ తినిపించి, పనుందని చెప్పి, మిలాన్‌ను ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చోబెట్టి ఇంటికి వచ్చేశాడు.

గుమ్మంలో తడి ఆరని ముగ్గు. గదిలో పక్కింటి నుంచి తెచ్చిన కుర్చీ. పెట్టెలోని పట్టుచీర కట్టుకుని జోగమ్మ ఎదురొచ్చింది. కార్ఖానా గేటు దగ్గరుండే ప్యూను, దేముడనేవాడు, తెల్లవాడు రాగానే సైకిల్ మీద వచ్చి కబురు చెప్పి వెళ్లాడట.

"ఏడీ మావా, ఆయనేడీ?"

"టైము లేదన్నాడే. టేసన్లో ఉన్నాడు."

"అలగైతే మనమే ఎల్దుము. సేపల పులుసు సల్లారిపోతాది, బేగి రా" అంటూ క్యారియర్ సర్దేసింది. తవిటయ్య క్యారియర్ అందుకుని వెనకే నడిచాడు.

ప్లాట్‌ఫారం మీద వాళ్లను చూసి మిలాన్ లేచి నిలబడ్డాడు. "ఈవిడ ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

తవిటయ్య నోటి నుంచి ఇంగ్లీషులోనే వచ్చేసింది: "మా ఇంట్లో పనిచేసే మనిషి."

"నా గురించి సెప్పినావా?" అంది జోగమ్మ నవ్వుతూ.

"సెప్పినాను."

ఆమె బల్ల మీద ఆకు పరిచి అన్నం పెట్టింది. చేపలో ముళ్లు తనే ఏరి మిలాన్ ముందుకు జరిపింది. కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే అతను తిన్నాడు. "ఓళ్లమ్మ నీకు మంచమిచ్చింది కదా, ఆ మేలు నాను మర్సిపోలేదని సెప్పు మావా" అంది జోగమ్మ. తవిటయ్య పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. "ఏటలగున్నావు, సెప్పు!" రెండుసార్లు అడిగి, ఆమె తనే చెప్పబోయింది. తవిటయ్యను చూపించింది. మెడలో పుస్తె పైకి తీసి చూపించింది. తన గుండె మీద చేయి వేసుకుంది. తరవాత చెంప కింద అరచేతులు చేర్చి, నిద్రపోతున్నట్టు కళ్లు మూసి, దణ్ణం పెట్టింది.

మిలాన్ తినడం ఆపేశాడు. తవిటయ్య వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. లేచి, చేయి కడుక్కుని, జోగమ్మ ముందు తలవంచి నమస్కరించాడు.

బండి కదిలేటప్పుడు కిటికీలోంచి తవిటయ్యతో అన్నాడు: "మీ ఇంట్లో, మీ ఆవిడ చేతి వంట తిన్నానని అమ్మకు రాస్తాను."

తిరిగి నడుస్తుంటే జోగమ్మ అడిగింది: "నన్ను సూసి ముందుగాల ఏటడిగినాడు? నువ్వేటి సెప్పినావు?"

తవిటయ్య అబద్ధం ఆడలేకపోయాడు. బంగళా బొమ్మ దగ్గర నుంచి అంతా చెప్పేశాడు. జోగమ్మ రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"ఇల్లు సూసి సిగ్గుపడినావంటే ఓర్సుకుందును మావా" అని, అతని చేతిలోని ఖాళీ క్యారియర్ తీసుకుని ముందుకు వెళ్లిపోయింది.

ఆ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. వంట మానలేదు, పలకడం మానలేదు. కానీ ఇంటికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా, మంచినీళ్ల గ్లాసు అందించి, పక్కన నిలబడి, "నానెవరో సెప్పు మావా" అనేది. వచ్చినవాళ్లు సరసమనుకుని నవ్వేవారు. తవిటయ్య తల దించుకుని, "నా పెళ్లాం, జోగమ్మ" అని చెప్పేవాడు.