కొండకు ఇవతలి గాలి

ఇంజను లేకుండా గాలి మీదే తేలే చిన్న విమానాలు, గ్లైడర్లు, ఉంచే షెడ్డులో అందరూ ఆమెను పిచ్చుక అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది అన్నయ్య. ఊళ్ళో ఆమెకు కళ్ళద్దాల దుకాణం ఉంది. వారమంతా ఎవరెవరి చూపో సరిచేస్తూ కూర్చుంటుంది గానీ, ఆదివారం వచ్చేసరికి కాళ్ళు నేల మీద నిలవవు. ఎగరడం నేర్పిందీ అన్నయ్యే. పక్షవాతం వచ్చి ఆయన మంచం పట్టాక, వదిన ఆయన్ని కొండ అవతల, జలాశయం ఒడ్డునున్న చిన్న ఇంటికి తీసుకుపోయింది.

"ఒకసారి మా ఇంటి మీదుగా వెళ్ళవే. రెక్కలు చూస్తే చాలు," అన్నాడు ఆయన మొన్న ఫోనులో. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ మాట వారమంతా ఆమెను నిలవనివ్వలేదు.

ఆదివారం గాలి అనుకూలంగా ఉంది. ఎగిరే ముందు ఆ రోజు హెచ్చరికలు చదవనిదే అన్నయ్య ఆమెను ఏనాడూ గ్లైడర్ ఎక్కనివ్వలేదు. ఎక్కడ కొత్తగా క్రేను లేచింది, ఎక్కడ సైన్యం తుపాకులు పేలుస్తోంది, ఏ దారి మూశారు, అన్నీ వాటిలో ఉంటాయి. ముందురోజు చూసినప్పుడు దారంతా ఖాళీ. ఇప్పుడు షెడ్డులోని కంప్యూటర్లో మళ్ళీ చూస్తే కొత్త నోటీసు ఒకటి ఎక్కి ఉంది. అందులోని అంకెల ప్రకారం మ్యాపు మీద పెన్సిలుతో గీసింది. జలాశయం చుట్టూ పెద్ద వలయం వచ్చింది. అవతలి అడవి అంటుకుందట. హెలికాప్టర్లు నీళ్ళు ముంచుకుపోతున్నాయి. సాయంత్రం దాకా, నేల నుంచి ఆరువేల అడుగుల వరకు మరెవరూ రాకూడదు. అన్నయ్య ఇల్లు వలయం లోపలే ఉంది. పోనీ పైనుంచి దాటుదామంటే అటువైపు మబ్బులు అయిదువేలకే కమ్ముకుని ఉన్నాయి.

వదినకు ఫోన్ చేసింది.

"మంటలు చాలా దూరంలే, భయం లేదు. నువ్వు వస్తున్నావు కదూ?" అంది వదిన.

రానని చెప్పడానికి నోరు రాలేదు. "చూస్తాను వదినా," అని పెట్టేసింది.

గ్లైడర్లను తాడు కట్టి పైకి లాగుకెళ్ళే చిన్న విమానం నడిపే ఆయన లోపలికి వచ్చాడు. ఆయన అందరికీ బాబాయే. ఆమె ముఖం చూసి, జేబులోంచి కళ్ళద్దాలు తీసి నోటీసు చదివాడు.

"అద్దాలు నువ్విచ్చినవే, తప్పు చదివానని అనడానికి లేదు. మూసేశారమ్మా."

"చప్పుడు చెయ్యని బండి కదా బాబాయ్. ఒక్క చుట్టు చుట్టి వచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"చప్పుడు చెయ్యదు కాబట్టే హెలికాప్టరు వాడికీ తెలియదు," అన్నాడాయన మెల్లిగా.

ఆమె మ్యాపు మడిచింది. తర్వాత, కొండ దాకా అయితే వెళ్తానంది.

కొండకు కాస్త ఇవతలే తాడు వదిలింది. ఎండకు కాగిన రాతి వాలు మీంచి గాలి ఎగదన్ని, గ్లైడర్‌ను అలవోకగా ఎత్తుకుంది. అవతల పొగ, దాని కింద మెరుస్తున్న నీళ్ళు, ఒడ్డున అగ్గిపెట్టెలంత ఇళ్ళు. వాటిలో ఏది వాళ్ళదో పోల్చుకోలేకపోయింది. ముక్కు అటు తిప్పితే చాలు, జారుకుంటూ వెళ్ళిపోవచ్చు. గ్లైడర్‌ను తిప్పే కర్ర మీద చెయ్యి బిగుసుకుంది. ఇంతలో బకెట్టు వేలాడేసుకుని హెలికాప్టరొకటి పొగలోంచి ఊడిపడ్డట్టు బయటికొచ్చి, మళ్ళీ పొగలో కలిసిపోయింది. ఆమె అక్కడక్కడే తిరిగింది, కళ్ళు మసకబారేదాకా. ఆ తర్వాత వెనక్కి తిరిగింది.

దిగాక రెక్క నీడలో గడ్డి మీద కూర్చుని ఫోన్ చేసింది. అన్నయ్యే ఎత్తాడు.

"రాలేకపోయాను అన్నయ్యా."

"తెలుసే. పొద్దున్నే నోటీసులు చూశాను."

"నువ్వా?"

"రోజూ చూస్తాను. ఎగరకపోతే చూడకూడదా ఏం? అది చదివాక, కుర్చీ బయట వెయ్యొద్దని మీ వదినతో అన్నాను. మళ్ళీ నేనే వేయించుకున్నాను. నువ్వు వస్తావేమోనని భయం, రావేమోనని బెంగ. ఇప్పటిదాకా పైకి చూస్తూనే ఉన్నాను."

ఆయనే మళ్ళీ అడిగాడు.

"గాలి ఎలా ఉందే?"

"బాగుంది. వాలు మీద బాగా ఎత్తింది."

"అలా కాదు. తాడు బిగుసుకున్న దగ్గర్నుంచి చెప్పు. ఏదీ వదలకు."

ఆమె కళ్ళు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. అవతల ఆయన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.